పట్టా లేని వాల్కాట్, పలకరాయిల జీవాలు

డిగ్రీ ఉంటెనే సైంటిస్టు అంటరు మనోళ్లు. గసుంటోళ్లకు నేను చార్లెస్ వాల్కాట్ ముచ్చట జెప్త. 1850ల న్యూయార్క్ రాష్ట్రంల పుట్టిండు. రెండేండ్లకే తండ్రి పోయిండు, పద్దెనిమిదేండ్లకు బడి బంద్ అయింది. రస్ట్ అనే రైతు కాడ పనికి కుదిరి, తీరిక దొరికితె రాళ్లు పగలగొట్టి ట్రైలోబైట్లు ఏరెటోడు. అవి ఎన్నడో అంతరించిన సముద్రపు జీవాలు. పెంకులే దొరుకుతుండె, కాళ్లు ఉన్నయా అనేది పెద్ద పంచాది. వాల్కాట్ రాయిని పల్చగ కోసి, అరగదీసి, కాళ్లు సూపెట్టిండు.

అట్లా ఎదిగి 1894ల అమెరికా భూగర్భ సర్వే డైరెక్టర్, 1907ల స్మిత్సోనియన్ సంస్థ పెద్ద అయిండు.

1909 ఆగస్టు ఆఖర్ల కెనడాల ఫీల్డ్ ఊరి పైన కొండ మీద బర్జెస్ పలకరాయి దొరికింది. భార్య గుర్రం జారితే బయటపడ్డదని కథ జెప్తరు గని, ఆయన డైరీల అసుంటి ముచ్చట లేదు. యాభై కోట్ల ఏండ్ల కింద సముద్రం అడుగున బురద ఒక్కసారి జారి, ఆ జీవాలను కప్పేసింది. గందుకే మామూలుగ కుళ్లిపోయే మెత్తటి ఒళ్లు, మీసాలు, పేగులు సుత రాయి మీద అచ్చువడ్డయ్. పిల్లలను ఎంటవెట్టుకొని ఏండ్లకేండ్లు తవ్వి 65,000కు పైన జమ జేసిండు. ఒకదానికి కొడుకు సిడ్నీ పేరు మీద సిడ్నీయా అని వెట్టిండు.

ఇంట్ల మాత్రం సావులే. 1911ల రైలు ప్రమాదంల భార్య, 1913ల పెద్దకొడుకు, 1917ల ఫ్రాన్స్ యుద్ధంల విమానం నడిపే ఇంకో కొడుకు పోయిండ్రు. ఆఫీసు ఫైళ్లు ఒకదిక్కు, దుఃఖం ఒకదిక్కు. రాళ్లను తీరుబడిగ సదివే టైం దొరకకుండనే 1927ల కన్నుమూసిండు.

ఆయన ప్రతి జీవినీ తెలిసిన జాతులల్లనే ఇరికిచ్చిండు. 1960ల తర్వాత కేంబ్రిడ్జ్ విటింగ్టన్, ఆయన శిష్యులు మళ్ల తీసి సూస్తే, ఓపబీనియాకు ఐదు కండ్లు తేలినయ్. వాల్కాట్ జెల్లీచేప అనుకున్నది, అనోమలోకారిస్ అనే పెద్ద వేటజీవి నోరు అని 1985ల తేలింది. గిది జూపి వాల్కాట్‌ను తక్కువ జేసి మాట్లాడేటోళ్లు ఉన్నరు. నేను ఒప్పుకోను. ఆయన తవ్వి, పేరు రాసి, ఫోటో తీసి దాచకపోతే విటింగ్టన్ ఏ డబ్బా తెరుస్తుండె?

ఆ రాళ్లు ఇయ్యాల్టికి వాషింగ్టన్ మ్యూజియంల ఉన్నయ్. సిడ్నీయా సుత అండ్లనే ఉంది.