పురుషోత్తమ చౌదరిగారు

విద్యార్థులారా! మన ఆరాధనలలో మీరు పాడు కీర్తనలు పెక్కు పురుషోత్తమ చౌదరిగారివి. వారు 1803వ సంవత్సరమున పర్లాకిమిడి ప్రాంతమున బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. సంస్కృతాంధ్రముల నభ్యసించి కవిత్వమున నేర్పు గడించిరి. 1833లో బాప్తిస్మము పొందిరి. ఆ దినములలో అట్టి నిర్ణయమునకు కులమును, బంధువుల ఆదరణను వదలుకొనవలసి యుండెను. అయినను తాము నేర్చిన విద్యను వారు విడువలేదు. త్యాగరాజస్వామి తిరువయ్యూరున కృతులు పాడుచుండిన కాలమది. చౌదరిగారును పల్లవి, చరణములు గల కీర్తనలు రచించి, మన రాగతాళములలోనే సువార్తను వినిపించిరి. ఆ సేవయందే బ్రదుకు గడపి 1890లో పరమపదించిరి.

నా చిన్ననాట, మా తండ్రిగారు మరణించిన యేట, ఈస్టరు వేకువను మా తల్లి నా చేయి పట్టుకొని సికింద్రాబాదులోని సమాధుల తోటకు వెళ్లినది. ఆమెకు అక్షరములు రావు. గ్రంథము చదివి ఓదార్పు పొందుట ఆమెకు సాధ్యము కాదు. కాని చౌదరిగారి కీర్తన యొకటి ఆమెకు కంఠస్థము. మొదటి చరణమున గొంతు వణికెను. రెండవ చరణమునకు ప్రక్క సమాధులయొద్ద నున్నవారును గొంతు కలిపిరి. కీర్తన ముగియునప్పటికి తెల్లవారెను. తిరిగి వచ్చునపుడు ఆమె ఏడ్వలేదు.

చదువురాని వితంతువు నోట నిరీక్షణను నిలిపిన కవి ఋణము పాడియే తీర్చవలెను. ఈ పండుగకు మీ యింటి పెద్దలను, వారికి కంఠస్థమైన కీర్తన యొకటి నేర్పుడని అడుగుడు.