బ్రహ్మర్షి రఘుపతి వేంకటరత్నం నాయుడుగారు

ధనము గడించినవారును, పదవుల నందినవారును లోకమున పెక్కుమంది కలరు. వారి కీర్తి తరచుగా వారితోడనే అంతరించును. ఉపాధ్యాయుని సంగతి వేరు. ఆయన చేసిన పని ఆయన చేతిలో నిలువక శిష్యుల జీవితములలోనికి పోయి, వారి పనులుగా లోకమునకు గనబడును. కనుకనే ఉత్తమోపాధ్యాయుని చరిత్ర వ్రాయుట కష్టము, స్మరించుట విధి.

బడంగ్‌పేట్ మొదలుగాగల హైదరాబాదు ఆగ్నేయ ప్రాంతములలో స్థిరపడిన మన కుటుంబములలో నాయుడుగారి పేరు వినని పెద్దలు అరుదు. అయినను వారిని కాకినాడవారినిగనే మనము తలంచుచుందుము. వారు బాల్యమున ఈ హైదరాబాదులోనే విద్య నభ్యసించిరనియు, పెద్దవారైన పిమ్మట సికింద్రాబాదులో విద్యాలయాధిపత్యము వహించిరనియు మన యువకులు తెలిసికొనవలసియున్నది.

నాయుడుగారు 1862వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన మచిలీపట్టణమున తెలగ కుటుంబమున జన్మించిరి. తండ్రి అప్పయ్యనాయుడుగారు సైన్యమున సుబేదారు. తండ్రి ఉద్యోగమును బట్టి కుటుంబము పలుతావుల నివసింపవలసి వచ్చెను. బాలుడు ఉత్తరాదిని చదువు మొదలిడి, పిదప హైదరాబాదు చేరి, తెలుగుతోబాటు హిందీ, ఉర్దూ, పారసీక భాషలయందు పరిచయము గడించెను. అనంతరము మదరాసు క్రైస్తవ కళాశాలలో విలియం మిల్లరు దొరగారి శిష్యుడై పట్టభద్రుడయ్యెను. గురువు శీలము శిష్యుని శీలమును దీర్చునను విశ్వాసము వారికి అచ్చటనే బలపడెనని తలంచుట తప్పు కాదు. బ్రహ్మసమాజ మతముపై అనురాగమును యౌవనముననే వారి హృదయమున నాటుకొనెను.

యౌవనముననే భార్యావియోగము సంభవించెను. నాయుడుగారు మరల వివాహమాడలేదు. శ్వేతవస్త్రధారియై, అధ్యాపకత్వమునే వ్రతముగా జేసికొనిరి. మచిలీపట్టణపు నోబిల్ కళాశాలలో బోధించు కాలమున వారి ప్రభావమునకు లోనైన యువకులలో ముగ్గురు ఆంధ్రదేశమున ప్రఖ్యాతులైరి. కోపల్లె హనుమంతరావుగారు జాతీయ విద్యకై జీవితమును ధారవోసిరి. ముట్నూరి కృష్ణారావుగారు కృష్ణాపత్రికను చిరకాలము నడపిరి. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923లో ఆంధ్రాబ్యాంకును నెలకొల్పిరి. విద్య, పత్రిక, ధనవ్యవస్థ అను మూడు తెరవులలో నడచిన ఈ మువ్వురిపైనను ఒక్క గురువు ముద్ర కలదనుట సామాన్య విషయము కాదు.

1899లో నాయుడుగారు సికింద్రాబాదు మహబూబు కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చిరి. ఆ విద్యాలయమును సోమసుందర మొదలియారుగారు 1862లో, అనగా నాయుడుగారు జన్మించిన యేడే, స్థాపించియుండిరి. 1893 ఫిబ్రవరిలో వివేకానందస్వామి అమెరికాకు బోవుటకు ముందు ఉపన్యసించిన స్థలమును అదియే. నిజాము రాజ్యమున తెలుగు బిడ్డలకు విద్యాసౌకర్యములు మిక్కిలి కొరతగా నున్న ఆ దినములలో ఇట్టి గురువు మన నగరమున కొన్నియేండ్లు బోధించుట ఈ ప్రాంతపు భాగ్యము.

1904 ప్రాంతమున వారు కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాలకు ప్రిన్సిపాలుగా వెళ్లి, 1919 వరకు ఆ పదవిని నిర్వహించిరి. వారి జీవితమున మిక్కిలి ఫలవంతమైన కాలమిదియే. పురుషులు చదువు కళాశాలలో బాలికలను జేర్చుకొనిరి. నాడది లోకాపవాదమునకు కారణమైన కార్యము. జీతములు కట్టలేని విద్యార్థులకు తమ వేతనమునుండియే సాయము చేసిరి. అస్పృశ్యులని లోకము దూరముగ నుంచిన బిడ్డలకు వసతి కల్పించి, అనాథలను తమ బిడ్డలవలె పెంచిరి. పిఠాపురాధీశ్వరులు సూర్యారావు బహద్దరువారు వారిని గురువుగా భావించి, ఇట్టి ధర్మకార్యములకు ధనము నొసంగిరి. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు ఆ కళాశాలలో వారి శిష్యులే.

నాయుడుగారు బోధించినది ఇంగ్లీషు సాహిత్యము మాత్రమే కాదు, శీలము. ధనికుల శుభకార్యములలో భోగముమేళము గౌరవచిహ్నముగ నుండిన కాలమున వారు ఆ ఆచారమును బహిరంగముగ నిరసించిరి. పెద్దింటి పెండ్లిపందిళ్లయందు దానిని కాదనుట పలువురితో వైరము తెచ్చుకొనుటయే. అయినను వెనుదీయలేదు. బాలికలను దేవదాసీలుగా సమర్పించుటను నిషేధించు చట్టము మదరాసు రాష్ట్రమున 1947లో, అనగా వారు గతించిన ఎనిమిదేండ్లకు, వచ్చెను. విత్తిన చేయి పంటను చూడకుండుట ఉపాధ్యాయునకు క్రొత్త కాదు.

1924లో ప్రభుత్వము వారికి సర్ బిరుదము నొసంగెను. 1925 మొదలు 1928 వరకు మదరాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిరి. ఎన్ని బిరుదములు వచ్చినను ప్రజలు ప్రేమతో బిలిచినది బ్రహ్మర్షి యనియే. 1939 మే 26వ తేదీన వారు పరమపదించిరి.

ఇక మనము ఆలోచింపవలసిన మాట యొకటి కలదు. నాయుడుగారు మనలో బుట్టినవారని మనము గర్వింతుము. అది న్యాయమే. కాని వారు కులభేదమును పాటింపలేదు. తమ కులమువారికి మాత్రమే తలుపు తెరచియుండినచో వారు మన పెద్దలలో నొకరుగ నిలిచియుందురేగాని, ఆంధ్రదేశమునకెల్ల గురువు కాజాలియుండరు. మన కులమునకు వారివలన గలిగిన గౌరవము, వారు కులమును మించిపోవుటవలన గలిగినదే.

కావున ఇట్టి సంచికలలో వారి చిత్రపటము వేసి, పుష్పమాల వైచి, చేతులు దులుపుకొనుట చాలదు. మన సంఘములు పేద విద్యార్థులకై వసతిగృహములకును, వేతనములకును ధనము కూర్చునప్పుడు, పొరుగింటి పేదబిడ్డకును కొంత భాగముండవలెను. ఆ బిడ్డ కులమేదని మనము అడుగకుందుముగాక. వదాన్యులగు పోషకులు ఈ మాటను మన్నింతురేని, ఆ మహోపాధ్యాయుని పాఠము ఇంకను ముగియలేదని మనము సంతోషింపవచ్చును.