హోమీ భాభాగారు – ఇంధనం లెక్క

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాయమని కార్యదర్శిగారు కోరారు. సర్వీసంతా బొగ్గుతోనూ, గ్యాసుతోనూ కరెంటు తీసిన నేను అణువిద్యుత్తుకు పునాది వేసిన హోమీ జహంగీర్ భాభాగారిని ఎంచుకోవడం కొందరు మిత్రులకు వింతగా తోచవచ్చు. ఇంధనం గురించి ఆయన వేసిన లెక్క మన ఉద్యోగాలకు చాలా దగ్గరది. అందుకే ఈ ప్రయత్నం.

భాభాగారు 1909 అక్టోబరు 30న బొంబాయిలో ఒక పార్సీ కుటుంబంలో జన్మించారు. టాటాలకు బంధువులు. కుర్రవాణ్ణి ఇంజనీరును చేసి జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో ప్రవేశపెట్టాలని పెద్దల కోరిక. 1927లో కేంబ్రిడ్జి పంపారు. అక్కడ ఆయన మనసు భౌతికశాస్త్రం మీదికి పోయింది. ముందు మెకానికల్ ఇంజనీరింగు ఫస్టుక్లాసులో పాసయితే ఆ తరువాత ఇష్టమైనది చదువుకోవచ్చునని తండ్రి షరతు పెట్టారు. 1930లో ఆ షరతు నెరవేర్చి తన దారి పట్టారు. ఇటువంటి బేరాలు మన ఇళ్ళల్లోనూ జరిగాయి గాని ఫలితాలు మాత్రం వేరు!

1937లో హైట్లర్ అనే శాస్త్రవేత్తతో కలిసి కాస్మిక్ కిరణాల జల్లులను వివరించి పేరు గడించారు. 1939లో సెలవుకు ఇండియా వచ్చారు. ఇంతలో యుద్ధం మొదలైంది, తిరుగు ప్రయాణం ఆగిపోయింది. బెంగుళూరులో సి.వి. రామన్‌గారి వద్ద చేరారు. చిత్రలేఖనం, సంగీతం, చెట్లు అంటే ప్రాణం. బొంబాయిలో తన సంస్థ ఆవరణలో చెట్లను నరకనివ్వక వేళ్ళతో సహా పెకలించి మరోచోట నాటించారు. వివాహం చేసుకోలేదు.

1944 మార్చిలో దొరాబ్జీ టాటా ట్రస్టుకు ఆయన ఒక ఉత్తరం రాశారు. అప్పటికి హిరోషిమా ఇంకా జరగలేదు. కొన్ని దశాబ్దాల్లో అణుశక్తితో కరెంటు తీసే రోజు వస్తుందనీ, అప్పుడు నిపుణుల కోసం పరదేశాల వైపు చూడకుండా ఇప్పుడే తయారు చేసుకోవాలనీ ఆ ఉత్తరం సారాంశం. 1945లో టాటా పరిశోధన సంస్థ వెలిసింది. 1948లో అణుశక్తి సంఘానికి అధ్యక్షులయ్యారు. 1956 ఆగస్టు 4న ట్రాంబేలో అప్సర రియాక్టరు పనిచేయడం మొదలుపెట్టింది. దాని ఎలక్ట్రానిక్ నియంత్రణ పరికరాల వెనుక ఉన్నది పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన మన ఏ.ఎస్. రావుగారు. హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. ఆయన చేతుల మీదుగానే వచ్చింది. ఏ.ఎస్. రావు నగర్‌లో కాపురముంటున్న మన సభ్యులు పిల్లలకు ఈ సంగతి చెప్పండి.

ఇక లెక్క. బొగ్గు ఎక్కువగా తూర్పు, మధ్య భారతాల్లో ఉంది. బొంబాయి, రాజస్థాన్, మద్రాసు దూరం. రైలు కిరాయి కలుపుకుంటే అంత దూరంలో అణువిద్యుత్తు గిట్టుబాటవుతుందని భాభాగారి వాదన. అందుకే మొదటి అణువిద్యుత్ కేంద్రం బొంబాయికి ఉత్తరాన తారాపూర్‌లో వెలిసింది. మరి ఇంధనం? మనకు యురేనియం తక్కువ, థోరియం ఎక్కువ. థోరియం తనంతట తాను మండదు. కనుక మొదట యురేనియం రియాక్టర్లు, వాటిలో పుట్టే ప్లుటోనియంతో రెండో దశ రియాక్టర్లు, ఆపైన థోరియం. ఇదీ ఆయన మూడంచెల ప్రణాళిక.

వ్యాగన్ల కోసం ఎదురుచూసిన మనవాళ్ళకు ఈ లెక్క ఇట్టే తెలుస్తుంది. హైదరాబాదు అణు ఇంధన సముదాయంలో తయారయ్యే ఒక చిన్న యురేనియం కట్ట పొడవు అర మీటరు, బరువు పదహారు కిలోలు. నా లెక్కన అది సుమారు ఆరు లక్షల యూనిట్లు ఇస్తుంది. అంత కరెంటుకు థర్మల్ స్టేషన్‌లో నాలుగు వందల టన్నుల బొగ్గు, అంటే ఏడు వ్యాగన్లు తిప్పాలి. ఆ పైన బూడిద!

గ్యాసు స్టేషన్‌లోనూ పనిచేశాను. దాని సుఖమే వేరు. నిమిషాల్లో యంత్రం లోడు అందుకుంటుంది, బూడిద లేదు, పొగ బొగ్గుతో పోలిస్తే సగమే. కట్టడానికి రెండు మూడేళ్ళు చాలు. కూడంకుళం మొదటి యూనిట్ మాత్రం 2002లో పని మొదలై 2013లో గ్రిడ్డుకు కలిసింది. అయితే కృష్ణా–గోదావరి బేసిన్ గ్యాసును నమ్ముకుని కట్టిన మన స్టేషన్లు ఏమయ్యాయి? 2009లో సముద్రపు గ్యాసు వచ్చింది, నాలుగేళ్ళు తిరగకముందే తగ్గిపోయింది, వేల మెగావాట్ల యంత్రాలు ఖాళీగా నిలబడ్డాయి. సూర్యరశ్మి కరెంటు చవకే గాని, మన ఇళ్ళల్లో దీపాలు వెలిగించే వేళకు అది ఉండదు.

అలాగని అణువిద్యుత్తుకు లోపాలు లేవనను. 1986లో చెర్నోబిల్, 2011లో ఫుకుషిమా చూశాం. వాడేసిన ఇంధనాన్ని తరతరాలు కాపాడాలి. మరో తమాషా – ఆ రియాక్టర్లకు కావలసిన భారజలాన్ని మణుగూరులో తయారుచేసేది సింగరేణి బొగ్గు మండించే!

1966 జనవరి 24న భాభాగారు ప్రయాణిస్తున్న విమానం ఆల్ప్స్‌లోని మౌంట్ బ్లాంక్‌ను ఢీకొంది. ఆయనకు యాభై ఆరేళ్ళు. తారాపూర్ 1969లో మొదలైంది, ఆయన చూడలేదు. 2020 నాటికి దేశం మొత్తం అణువిద్యుత్ సామర్థ్యం 6,780 మెగావాట్లు, కరెంటులో మూడు శాతం దరిదాపు. ఆయన ఆశించినది ఇంతకు ఎన్నో రెట్లు. రెండో దశకు చెందిన కల్పాక్కం రియాక్టరులో కోర్ లోడింగ్ 2024 మార్చిలో మొదలైంది. ఇక మూడో దశకు కావలసిన థోరియం మోనజైట్ అనే ఖనిజంలో ఉంటుంది. మన దేశంలో ఆ ఖనిజం అత్యధికంగా ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే – భీమునిపట్నం, శ్రీకాకుళం తీరాల్లో మన మనవలు గూళ్ళు కట్టి ఆడుకునే ఇసుకలో.