తవుడులో దాగిన ప్రాణశక్తి – డాక్టర్ ఐక్‌మన్ జీవితం

దంపుడు బియ్యం గొప్పతనం గురించి అమ్మమ్మలు చెబుతుంటే మనం నవ్వేసి ఊరుకుంటాం. మల్లెపూవులా తెల్లగా ఉంటేనే అన్నమని మన నమ్మకం. హాస్టల్ మెస్సులో అన్నం కాస్త ఎర్రగా కనబడితే పెద్ద గొడవే అవుతుంది! కానీ ఆ తెల్లదనం ఒకప్పుడు వేలాదిమంది ప్రాణాలు తీసింది. ఆ సంగతి లోకానికి తెలిసేలా చేసిన డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మన్. ఆయన జీవితం విద్యార్థులమైన మనందరం తెలుసుకోదగినది.

ఐక్‌మన్ 1858 ఆగస్టు 11న హాలెండులోని నైకెర్క్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి బడిపంతులు. ఇంట్లో పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. అందుకని సైనిక వైద్యుల కోటాలో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో చేరి చదువుకున్నారు. 1883లో నరాలకు సంబంధించిన అంశంపైనే డాక్టరేటు పుచ్చుకున్నారు. ఆ ఏడే డచ్చివారి పాలనలోని ఈస్టిండీస్‌కు, అంటే నేటి ఇండోనేషియాకు, ఉద్యోగం మీద వెళ్లారు. అక్కడ మలేరియా పట్టుకుని రెండేళ్లకే ఇంటిముఖం పట్టవలసి వచ్చింది. 1886లో భార్య కన్నుమూసింది. ఇంకొకరైతే మళ్లీ ఆ దేశం వైపు చూసేవారు కాదేమో. ఆయన మాత్రం బెర్లిన్ వెళ్లి, సూక్ష్మజీవుల శాస్త్రానికి ఆద్యుడైన రాబర్ట్ కాక్ దగ్గర పని నేర్చుకున్నారు.

అప్పట్లో ఈస్టిండీస్‌లో సైనికులనూ ఖైదీలనూ బెరిబెరి అనే జబ్బు పీడిస్తోంది. ఇది నరాల జబ్బు. ముందు కాళ్లు తిమ్మిరెక్కుతాయి. పిక్కలు ముట్టుకుంటే చాలు నొప్పి. నడక తడబడి, క్రమంగా కాళ్లు చచ్చుబడిపోతాయి. కొందరికి ఒళ్లంతా నీరుపట్టి గుండె ఆగిపోతుంది. దీని అంతు తేల్చడానికి డచ్చి ప్రభుత్వం పెకెల్‌హారింగ్, వింక్లర్ అనే ఇద్దరు నిపుణులను పంపితే, వారితోపాటు ఐక్‌మన్ కూడా 1886లో బయల్దేరారు. ఏ రోగానికైనా ఏదో ఒక సూక్ష్మజీవే కారణమని లోకమంతా నమ్ముతున్న రోజులవి. మన డాక్టరుగారూ దాన్నే వెతికారు. పెద్దలిద్దరూ 1887లో వెనుదిరిగాక, 1888లో బటావియా – నేటి జకార్తా – ప్రయోగశాలకు ఆయనే డైరెక్టరయ్యారు.

1889లో ఒక చిత్రం జరిగింది. ప్రయోగశాలలో పెంచుతున్న కోళ్లు కాళ్లు ఈడ్చుకుంటూ తూలిపోసాగాయి. అచ్చం బెరిబెరి రోగుల్లాగే! ఎంత వెతికినా సూక్ష్మజీవి దొరకలేదు. ఇంతలో నవంబరు నెలాఖరులో జబ్బు దానంతటదే మాయమైంది. ఏం మారిందా అని ఆరా తీస్తే అసలు విషయం బయటపడింది. జూన్ నుంచి ఆ కోళ్లకు సైనికాసుపత్రి వంటశాలలో మిగిలిన తెల్లటి మర బియ్యపు అన్నం వేస్తున్నారు. తర్వాత కొత్త వంటవాడు వచ్చాడు. మిలిటరీ బియ్యం సివిల్ కోళ్లకు ఎందుకు పెట్టాలని అభ్యంతరం చెప్పాడు. దాంతో కోళ్లకు మళ్లీ ముడి బియ్యమే గతయింది. ఆ గతే వాటిని బతికించింది!

ఐక్‌మన్ అక్కడితో ఆగలేదు. కావాలని మర బియ్యం పెట్టి కోళ్లకు జబ్బు తెప్పించారు. ముడి బియ్యం, తవుడు పెట్టి నయం చేశారు. ఏళ్ల తరబడి ఇదే పని. కానీ కోళ్ల సంగతి మనుషులకు వర్తిస్తుందా? ఈ ప్రశ్నతోనే 1895లో ఆయన జావా పౌర ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టరు వోర్డర్‌మన్‌ను కలిశారు. జైళ్లలో ఏ బియ్యం పెడతారన్నది ఆయా ప్రాంతాల అలవాటును బట్టి ఉండేది. ఖైదీకి ఎంచుకునే హక్కు ఎక్కడిది? పెట్టింది తినాల్సిందే. వోర్డర్‌మన్ జావా, మధురా దీవుల్లోని 101 జైళ్లు తిరిగి, సుమారు 2,80,000 మంది ఖైదీల లెక్కలు తీశారు. ముడి బియ్యం తిన్నవారిలో దాదాపు 10,000 మందికి ఒక్కరికి బెరిబెరి వచ్చింది. తెల్ల బియ్యం తిన్నవారిలో 39 మందికి ఒకరికి! గాలి వెలుతురులు, భవనాల వయసు, జనం కిక్కిరిసి ఉండటం – వీటికీ జబ్బుకూ సంబంధం కనబడలేదు. జనాన్ని లెక్కబెట్టి నరాల జబ్బు మూలం కనిపెట్టిన తొలి ఘట్టాల్లో ఇదొకటి.

అయితే ఐక్‌మన్ ఒకచోట పొరబడ్డారు. బియ్యపు గంజి పదార్థంలో ఏదో విషముందనీ, పైపొర దానికి విరుగుడనీ అనుకున్నారు. అనారోగ్యంతో 1896లో ఆయన స్వదేశం వెళ్లాక, ఆయన పనిని కొనసాగించిన గ్రిన్స్ 1901లో అసలు సంగతి చెప్పారు. విషమేమీ లేదు, నరాలకు అవసరమైన పదార్థమేదో తవుడుతోపాటు పోతోంది. అది పెసల్లోనూ ఉంది. ఐక్‌మన్ మొదట ఒప్పుకోలేదు. కొన్నేళ్లకు, సాక్ష్యాలు చూశాక, తన తర్వాత వచ్చినవాడి మాటే నిజమని అంగీకరించారు. పెద్దవాళ్లకు ఇది అంత తేలిక కాదు.

1898 నుంచి 1928 దాకా యుట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేశారు. 1929లో హాప్‌కిన్స్‌తో కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. జబ్బు వల్ల వెళ్లి అందుకోలేకపోయారు. 1930 నవంబరు 5న కన్నుమూశారు. గ్రిన్స్‌కు మాత్రం నోబెల్ రాలేదు.

ఈ కథకు మనతో చుట్టరికం ఉంది. 1926లో బటావియాలోనే స్ఫటికాలుగా వేరుచేసిన ఆ పదార్థాన్ని, అంటే విటమిన్ బి1ను, 1936లో కృత్రిమంగా తయారుచేసిన రాబర్ట్ విలియమ్స్ మన నెల్లూరులో పుట్టినవాడే! మర బియ్యం తినే మన ఉత్తర సర్కారు జిల్లాల్లో కూడా గత శతాబ్దపు తొలి భాగంలో బెరిబెరి ఉండేది. ఉప్పుడు బియ్యం తినే తమిళ ప్రాంతాలకు ఆ బెడద లేదు. వడ్లు ఉడికించినప్పుడు విటమిను గింజలోకి ఇంకిపోతుంది మరి. 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధన కోసం మెక్‌కారిసన్ మొదలుపెట్టిన చిన్న ప్రయోగశాలే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు వచ్చింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అదే.

ఊళ్లకు ఊళ్లు బెరిబెరితో మంచం పట్టే రోజులు పోయాయి. అయినా తాగుడుకు బానిసైనవారిలో, బాలింతకు పథ్యం పేరుతో ఉత్త తెల్లన్నమే పెట్టే ఇళ్లలోని చంటిపిల్లల్లో ఈ లోపం ఇంకా కనబడుతూనే ఉంది. మందు చవకే. గుర్తుపట్టేవారే కావాలి.

మిత్రులారా! మనలో అందరం శాస్త్రజ్ఞులం కాకపోవచ్చు. కానీ అనుకున్నది దొరకనప్పుడు వంటవాడినైనా అడిగి తెలుసుకునే వినయం, తప్పని తేలితే ఒప్పుకునే ధైర్యం ఏ చదువుకైనా కావలసినవే. ఈసారి అమ్మమ్మ దంపుడు బియ్యం మాటెత్తితే నవ్వకుండా విందాం.