అన్నా జూలియా కూపర్

పగలెల్ల పిల్లలకు పాఠములు చెప్పి, రాత్రి దీపము ముందర తామే విద్యార్థులై పట్టపరీక్షలకు చదువు ఉపాధ్యాయులు మన దేశమున పెక్కండ్రు కలరు. ఆ శ్రమ ఎట్టిదో వారి యింటివారికే తెలియును. అట్టివారి కోవలో చేరిన యొక అమెరికా ఉపాధ్యాయిని చరిత్రమును ఈ సంచికయందు మా చదువరులకు తెలుపగోరుచున్నాము.

అన్నా 1858వ సంవత్సరమున ఉత్తర కరొలీనా రాష్ట్రమందలి రాలీ నగరమున జన్మించెను. ఆమె తల్లి హన్నా స్టాన్లీ యొక బానిస. బానిసకు పుట్టిన బిడ్డయు బానిసయే యని నాటి శాసనము. 1865లో బానిసత్వము రద్దయ్యెను. విముక్తులైన నల్లజాతివారి కొరకు ఎపిస్కపల్ సంఘమువారు రాలీలో సెయింట్ అగస్టీన్ పాఠశాలను 1868లో తెరువగా, తొమ్మిదేండ్ల అన్నా అందు చేరెను. చేరిన కొలది కాలమునకే తాను చదువుచు, తనకంటె క్రింది తరగతులవారికి చదువు చెప్పసాగెను. అచట గ్రీకు భాష బోధకులు కాబోవు పురుషులకు మాత్రమే నేర్పుచుండిరి. అన్నా పాఠశాలాధికారిని అడిగి, ఆ తరగతిలో చోటు సంపాదించెను. ఆ తరగతి మూలముననే జార్జి కూపరు పరిచయమయ్యెను. 1877లో వారికి వివాహమాయెను. రెండేండ్లకే ఆయన మరణించెను.

తరువాత ఆమె ఓహైయో రాష్ట్రమందలి ఓబర్లిన్ కళాశాలకు పోయెను. స్త్రీలకు రెండేండ్ల సులభమైన చదువొకటి అచట ఏర్పాటై యుండెను. ఆమె దానిని కాదని పురుషుల చదువునే కోరి, 1884లో బి.ఏ. పట్టమందెను. ఒక సంవత్సరము విల్బర్‌ఫోర్స్‌లోను, పిమ్మట తాను చదివిన రాలీ పాఠశాలలోను బోధించుచుండగా, కళాశాలాస్థాయిలో ఆమె చేసిన బోధనను లెక్కలోనికి గొని ఓబర్లిన్ వారు 1887లో గణితమున ఎం.ఏ. పట్టమొసగిరి. పనిచేయు ఉపాధ్యాయునకు తన పనియే అర్హత యగుట మాకు మిక్కిలి న్యాయముగ తోచుచున్నది.

ఆ యేడే ఆమె వాషింగ్టన్ నగరమున నల్లజాతి పిల్లల ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయినిగ చేరెను. తరువాత ఆ పాఠశాలకు ఎం వీధి పాఠశాల యని పేరు వచ్చెను. 1902లో ఆమె దానికి ప్రధానోపాధ్యాయిని యయ్యెను. నల్లపిల్లలకు చేతిపనులు చాలును, లాటిను గణితము లేల యని వాదించువారు ఆ దినములలో బలవంతులు. ఆమె ఒప్పుకొనలేదు. ఆమె శిష్యులు హార్వర్డు మొదలగు పెద్ద విద్యాలయములలో ప్రవేశము పొందిరి. ఐనను, మాకు తోచినంతవరకు అందువలననే, 1906లో ఆమెను ఆ పదవినుండి తొలగించిరి. నాలుగేండ్లు మిస్సూరిలో పనిచేసి, 1910లో అదే పాఠశాలకు లాటిను బోధించు సామాన్య ఉపాధ్యాయినిగ తిరిగి వచ్చెను. తాను ఏలిన చోట ఒకరి క్రింద పనిచేయుట ఎంత కష్టమో పెద్దలు ఊహింపగలరు.

అప్పటికి ఆమెకు ఏబది రెండేండ్లు. 1911 మొదలు మూడు వేసవులు పారిసునకు పోయి ఫ్రెంచి చదివెను. 1914లో న్యూయార్కునందలి కొలంబియా విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమునకు చేరెను. కాని అచట ఒక సంవత్సరము నివసించిననే గాని పట్టమీయరు. జీతము మానుకొని సంవత్సరము ఎట్లుండగలదు? ఇంతలో 1915లో బంధువుల పిల్లలు ఐదుగురు తల్లిలేనివారు కాగా, ఆమె వారిని చేరదీసెను. పెద్దదానికి పండ్రెండేండ్లు, కడపటి బిడ్డకు ఆరు నెలలు. అట్టి యింటిలో గ్రంథము వ్రాయుట ఎట్లో మాకంటె తల్లులైన ఉపాధ్యాయినులు బాగుగ చెప్పగలరు. వారి కొరకు అప్పు చేసి ఇల్లు కొనెను. చదువు కొన్నేండ్లు వెనుకబడెను.

పిల్లలు కొంత ఎదిగిన పిమ్మట, తాను కొలంబియాలో చదివిన చదువును పారిసునందలి సార్బాన్ విద్యాలయమునకు మార్పించుకొనెను. 1924లో సెలవు పెట్టి పారిసునకు పోయి పత్రములు పరిశోధించుచుండగా, అరువది దినములలో తిరిగి రానిచో ఉద్యోగము పోవునని స్నేహితులవలన వార్త చేరెను. ఆమె పరిశోధన నడుమనే ఆపి, ఓడయెక్కి, గడువులోపల తరగతిలో నిలిచెను. ఉద్యోగము పోయిన పిల్లల గతి యేమి? మిగిలిన గ్రంథమును వాషింగ్టనులో తీరిక వేళల వ్రాసి ముగించి, 1925 మార్చి 23వ తేదీన పారిసున పరీక్షకుల యెదుట ఫ్రెంచి భాషలో వాదించి నెగ్గెను. విషయము, ఫ్రెంచి విప్లవకాలమున బానిసత్వమును గూర్చి ఫ్రాన్సు అవలంబించిన వైఖరి. బానిసగ పుట్టిన స్త్రీ ఆ ప్రశ్నను ఆ దేశపు పండితుల యెదుటనే విచారించినది. అప్పటికామె వయస్సు అరువదియారేండ్లు. ఆ డిసెంబరు 29న వాషింగ్టనులోని హవర్డు విశ్వవిద్యాలయమున ఆమెకు పట్టపత్రము నందించిరి.

పట్టము వచ్చెనని ఆమె తరగతి విడువలేదు. 1930లో ఉద్యోగము విరమించి, ఆ యేడే ఫ్రీలింగ్‌హైసన్ విద్యాలయమునకు అధ్యక్షురాలయ్యెను. పగలు కూలిపనులును, ఇతరుల ఇండ్ల పనులును చేసుకొను నల్లజాతి స్త్రీపురుషులకు రాత్రివేళల చదువు చెప్పు విద్యాలయమది. దానికి ఇల్లు దొరకనప్పుడు తన ఇంటినే తరగతులకిచ్చెను. 1964 ఫిబ్రవరి 27న, నూటయైదేండ్లు నిండినపిదప మరణించెను. రాలీలో భర్త సమాధి చెంత ఆమెను పూడ్చిరి. ఆ రాత్రి విద్యాలయమునకు అనుబంధముగ, చదువు బొత్తిగ సాగనివారి కొరకు ఆమె యొక చిన్న పాఠశాలను నడపెను. దానికి తన తల్లి హన్నా స్టాన్లీ పేరు పెట్టెను.