రాట్నం పక్కన కలం

మధ్యాహ్నం భోజనాలయ్యాక, గట్టు తుడుచుకుని కాస్త నడుం వాల్చే వేళ ఒకటుంటుంది చూడండి, ఇంట్లో ఉండే ఆడవాళ్లకి సొంతమైన గంట అదొక్కటే. ఆ గంటలో మా టెక్కలిలో ఒకరు టీవీ పెట్టుకుంటారు, ఒకరు వడియాలు తిరగేస్తారు. నేను బొంత కుట్టుకుంటాను, లేదా కథ రాసుకుంటాను. ఈ రెండూ తీరికున్న వాళ్ల కాలక్షేపం అనుకునే వాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లకి నేను చెప్పే పేరు కనుపర్తి వరలక్ష్మమ్మగారిది.

ఆవిడ 1896లో బాపట్లలో పుట్టారు. చిన్నవయసులోనే పెళ్లయింది, భర్త హనుమంతరావుగారు. పెద్ద డిగ్రీలేవీ లేవు. ఇంట్లో ఉండి, దొరికిన పుస్తకమల్లా చదువుకుని, ఇంటిపని మధ్యలోనే రాయడం మొదలుపెట్టారు. లీలావతి అనే పేరుతో ఆంధ్రపత్రికలో ఆవిడ నడిపిన శీర్షిక పేరు ‘మా చెట్టు నీడ ముచ్చట్లు’. పేరులోనే ఉంది చూడండి, పనులయ్యాక చెట్టు కింద చేరిన ఆడవాళ్ల కబుర్లు అవి!

1921లో విజయవాడలో కాంగ్రెస్ మహాసభ సమితి సమావేశం జరిగింది. దేశమంతటా ఇరవై లక్షల రాట్నాలు తిరగాలని తీర్మానించింది అక్కడే. వరలక్ష్మమ్మగారు గాంధీజీ బాట పట్టారు. ఉద్యమమంటే వీధిలోకి వెళ్లడమే కాదు, గడప లోపల కూర్చుని కూడా చెయ్యొచ్చని ఆనాటి గృహిణులకి తెలియజెప్పింది రాట్నమే. ఆవిడ రాసిన ‘కుటీరలక్ష్మి’ కథలో చితికిపోయిన ఒక సంసారాన్ని నిలబెట్టేది కూడా రాట్నమే. మన జిల్లా వాళ్లకి ఇది వేరే చెప్పాలా? పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి దువ్వి సన్నదారం తీసేది ఆడవాళ్లే కదా!

తర్వాత ‘గృహలక్ష్మి’ పత్రికలో ‘శారద లేఖలు’ వచ్చాయి. కె.ఎన్. కేసరిగారు మద్రాసు నుంచి నడిపిన పత్రిక అది. శారద అనే ఇల్లాలు తన స్నేహితురాలు కల్పలతకి ఉత్తరాలు రాస్తుంటుంది. క్షేమసమాచారాలతో మొదలుపెట్టి, మాటల్లో మాటగా ఖద్దరు, ఆడపిల్లల చదువు, బాల్యవివాహాలు, అన్నీ ముచ్చటిస్తుంది. ఉత్తరం కాబట్టి ఉపన్యాసంలా ఉండదు. మంచిమాట ఎదుటివాళ్ల నెత్తిన మొట్టినట్టు కాకుండా, చేతిలో తాంబూలం పెట్టినట్టు చెప్పడం ఆవిడ దగ్గర నేర్చుకోవాలి.

1931లో బాపట్లలో స్త్రీ హితైషిణీ మండలి స్థాపించారు. 1934లో గృహలక్ష్మి స్వర్ణకంకణం మొట్టమొదట ఆవిడ చేతికే వచ్చింది. కంకణం తొడుక్కున్నా ఇల్లాలితనం వదల్లేదు. ఇల్లాలిననే నెపంతో కలమూ వదల్లేదు. నాకు ఆవిడలో నచ్చేది అదే.

బొంత సంగతీ అంతే. పాత నేతచీరలు ఉతికి ఆరేసి, నేలమీద పరిచి, మధ్యలో చిరిగిన పంచెలు పేర్చుకోవాలి. ముందు దబ్బనంతో పెద్ద టాకాలు వేసి, తర్వాత సూదితో దగ్గర దగ్గరగా వరసలు కుట్టాలి. మధ్యనుంచి అంచులకి వెళ్తే ముడత పడదు. కొంటే దుప్పటి దొరకదా అంటారు. దొరుకుతుంది. కానీ 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టిన తర్వాత, కొట్లు తెరవని రోజుల్లో మా వీధి నుంచి పసిపిల్లల కిందకి పంపింది ఇలా కుట్టుకున్న బొంతల్నే.

బొంత కుట్టడానికి నలుగురు చేరితే మాటలు వాటంతటవే వస్తాయి. ఈ వేసవిలో పక్కవీధి ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ, పదో తరగతి పాసైన కూతురికి సంబంధం వచ్చిందని మెల్లగా చెప్పింది. అబ్బాయికి ఉద్యోగముంది, మళ్లీ ఇలాంటిది వస్తుందో రాదో అని ఆవిడ బెంగ. ఎవరూ ఆవిడ మీద విరుచుకుపడలేదు. నేను శారద, కల్పలతల గురించి చెప్పాను. 1929లో వచ్చిన చట్టం ఆడపిల్ల పెళ్లికి 14 ఏళ్లు నిండాలంది. ఆ వయసు 18కి పెరిగింది 1978లో. వరలక్ష్మమ్మగారు కన్నుమూసిందీ ఆ ఏడాదే. అంటే ఆవిడ ఉత్తరాల్లో రాసిన దిగులు చట్టంలో కొంత తీరేసరికి ఒక జీవితకాలం పట్టింది. మన ఇళ్లలో ఇంకా తీరనే లేదు.

ఆ తల్లి చివరిదాకా విన్నది, వరస పూర్తిచేసి దారం తెంపింది, ఏమీ అనలేదు. నాలుగు రోజుల తర్వాత ఇంటర్‌లో చేర్చడానికి ఏ కాగితాలు కావాలో అడగడానికి కూతుర్నే మా ఇంటికి పంపింది. సంబంధం వాళ్లకి మాత్రం ఇంకా జవాబు చెప్పలేదట. పిల్ల కాగితాలన్నీ రాసుకుని వెళ్లింది. వాళ్లమ్మతో మాట్లాడాల్సింది ఇంకా చాలా ఉంది.