పండ్ల మరక వెంట ముప్పై ఏండ్లు తిరిగిన డాక్టరు

మన అనంతపురం పల్లెల్లో గ్రూప్ ఫోటో తీసేటప్పుడు ఒకసారి గమనించండి. నవ్వమంటే పెదాలు బిగబట్టుకునే పిల్లోళ్లు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే ఆడపిల్లలు కనపడతారు. పండ్ల మీద సున్నం పూసినట్ల తెల్ల మచ్చలు, పసుపు గీతలు, కొందరికి కాఫీ రంగు మరకలు. ఎంత తోమినా పోవు. పండ్లు సరిగ్గా తోముకోవని తిట్లు తిన్నోళ్లు ఉండారు. పెండ్లిచూపుల్లో తల దించుకున్నోళ్లు ఉండారు. ఆ మరక మురికి కాదు. పన్ను చిగురు లోపల తయారయ్యేటప్పుడే పడిన గుర్తు. తాగే నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువైతే పడే గుర్తు.

ఈ సంగతి ఈ పొద్దు ఫోన్లో వెతికితే నిమిషంలో తెలుస్తాది. కానీ లోకానికి ఇది తెలిసేదానికి ఒక మనిషి ముప్పై ఏండ్లు తిరగాల్సి వచ్చింది. ఆయన పేరు ఫ్రెడరిక్ మెక్‌కే. అమెరికాలో పండ్ల డాక్టరు. చనిపోయి అరవై ఏండ్లు దాటింది. పండ్ల వైద్యం చదివినోళ్లకు బాగా తెలిసిన పేరు. మన సీమ పిల్లోళ్లకు కూడా తెలియాల్సిన పేరు. యాలంటే ఆయన బతుకులో మరక కంటే పెద్ద ప్రశ్న ఒకటి ఉండాది. ఏ బాధ మీద ముందు పరిశోధన జరగాలో ఎవరు తేల్చాల?

మెక్‌కే 1874లో మసాచుసెట్స్ రాష్ట్రంలో పుట్టినాడు. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో పండ్ల వైద్యం చదివి 1900లో బయటికి వచ్చినాడు. మరుసటి ఏడు కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊర్లో క్లినిక్ పెట్టుకున్నాడు. పైక్స్ పీక్ అనే పెద్ద గ్రానైట్ కొండ కింద ఉండే ఊరది. మన పెనుకొండ, గుత్తి పక్క రాతి గుట్టలు చూసినోళ్లకు ఆ నేల ఎట్లుంటాదో చెప్పనక్కర్లే.

కొత్త డాక్టరు క్లినిక్ తెరిస్తే వచ్చినోళ్లలో శానామందికి పండ్ల మీద గోధుమ రంగు మరకలు. చాకొలెట్ రంగులో, చూసేదానికి అసహ్యంగా. పుస్తకాల్లో వెతికినాడు, యాడా లేదు. ఊర్లో పాత డాక్టర్లను అడిగితే వాళ్లకది మామూలై పోయింది. ఊరి జనం తలా ఒక కారణం చెప్పినారు. పందిమాంసం ఎక్కువ తింటే వస్తాదని ఒకరు, పాలు మంచివి కావని ఒకరు, నీళ్లలో సున్నం ఎక్కువని ఇంకొకరు. మూడో మాట దగ్గరదగ్గర నిజమే. కానీ ఆ పొద్దు ఎవరూ దాన్ని పట్టించుకోలే.

ఇక్కడ ఒకటి గమనించాల. ఆ కాలంలో అమెరికా పండ్ల డాక్టర్లకు పెద్ద గండం పుప్పిపండ్లు. పన్ను పుచ్చడం, పీకడం, కట్టుడు పండ్లు. చదువంతా, పైసలంతా అటే. మరకతో నొప్పి లేదు, పన్ను ఊడిపోదు. ఒక మూల కొండ ఊరి పిల్లోళ్ల పండ్ల రంగు గురించి పెద్ద నగరాల కాలేజీలకు ఏం అవసరం? మెక్‌కే ప్రశ్నను శానామంది పట్టించుకోలే. 

ఆయన వదిలిపెట్టలే. ఆ కాలంలో అమెరికా పండ్ల వైద్యంలో అందరికంటే పెద్ద పేరు చికాగోలో జి.వి. బ్లాక్. ఆయనకు రాసినాడు. ఇట్లాంటి జబ్బు పుస్తకాల్లోకి ఎక్కకుండా ఎట్లుంటాదని బ్లాక్ మొదట నమ్మలే. మెక్‌కే మరకలున్న పండ్లే పంపించినాడు. అవి చూసినాక బ్లాక్ 1909లో స్వయంగా కొలరాడోకు వచ్చినాడు. ఆయన వచ్చే లోపల మెక్‌కే ఊరి బడుల్లో పిల్లోళ్ల నోర్లు చూసి లెక్క కట్టి పెట్టినాడు. ఆ ఊర్లోనే పుట్టి పెరిగిన పిల్లోళ్లలో దాదాపు 90 శాతం మందికి మరక ఉండాది. వీధుల్లో తిరిగి ఆ నోర్లు చూసిన బ్లాక్‌కు దిగులేసింది.

ఇద్దరూ కలిసి రెండు సంగతులు తేల్చినారు. ఒకటి, మరక పిల్లోళ్ల పన్ను తయారయ్యే వయసులోనే పడతాది. పెద్దయినాక ఆ ఊరికి వచ్చి కాపురం పెట్టినోళ్లకు రాదు. రెండు, మరక ఉన్న పండ్లు అంత సులభంగా పుచ్చవు. ఈ రెండో సంగతి తర్వాత శానా దూరం పోతాది, గుర్తు పెట్టుకోండి. 1915లో బ్లాక్ చనిపోయినాడు. మెక్‌కే మళ్లీ ఒంటరివాడైనాడు. నీళ్ల మీద అనుమానం ఉండాది. నీళ్లు పరీక్ష చేయిస్తే ఏమీ దొరకలే. యాలంటే ఆ పొద్దు ప్రయోగశాలలు ఫ్లోరైడు కోసం వెతికేవే కాదు. వెతకని దాన్ని ఏ యంత్రమూ చూపించదు గదా.

దోవ చూపించింది ఊరోళ్లే. 1923లో ఐడహో రాష్ట్రంలో ఓక్లీ అనే చిన్న ఊరికి పోయినాడు. అక్కడి తల్లిదండ్రులు ఒక మాట చెప్పినారు. దూరంగా ఉండే వేడినీటి ఊట నుంచి ఊరికి పైపు వేసినాకే పిల్లోళ్ల పండ్లు ఇట్లయినాయని. నీళ్లలో ఏముందో మెక్‌కేకు తెలియదు.  అయినా వాళ్ల మాట మీద నమ్మకం పెట్టి, ఆ పైపు వదిలేసి వేరే ఊట నీళ్లు తెచ్చుకోమన్నాడు. ఊరు ఒప్పుకుంది. కొన్ని ఏండ్లకు తర్వాత పుట్టిన పిల్లోళ్ల పండ్లు తెల్లగా, మచ్చ లేకుండా వచ్చినాయి.

ఆ తర్వాత ఆర్కన్సాలో బాక్సైట్ అనే ఊరు. అల్యూమినియం కంపెనీ అల్కోవా కట్టుకున్న గని ఊరు. ప్రభుత్వ ప్రజారోగ్య శాఖ డాక్టరు గ్రోవర్ కెంఫ్‌తో కలిసి మెక్‌కే అక్కడికి పోయినాడు. లోతు తక్కువ బావుల నీళ్లు తాగి పెరిగినోళ్ల పండ్లు బాగుండాయి. లోతుగా బోరు వేసినాక పుట్టినోళ్లకు మరకలు. ఐదు మైళ్ల దూరంలో ఉండే ఇంకో ఊర్లో ఆ జబ్బే లేదు. మన ఊర్లలో చేదబావులు ఎండిపోయి బోర్లు దిగినాక ఏమైందో తెలిసిన పెద్దోళ్లకు ఈ కథ కొత్తగా ఉండదు.

వీళ్లు రాసింది అల్కోవా కంపెనీలో హెచ్.వి. చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త కంటబడింది. అల్యూమినియం పాత్రల్లో వండితే విషమని అప్పటికే జనంలో పుకార్లు ఉండాయి. ఈ మరక నింద కూడా కంపెనీ మీద పడతాదని ఆయన భయం. మామూలు పరీక్షలో దొరకని వాటి కోసం బాక్సైట్ నీళ్లను కొత్త పద్ధతిలో చూసినాడు. ఫ్లోరైడు! లీటరుకు 13 మిల్లీగ్రాములు దాటి ఉండాది. నమ్మలేక మళ్లీ చేయించినాడు, అదే వచ్చింది. 1931లో మెక్‌కేకు ఉత్తరం రాసి మిగతా ఊర్ల నీళ్లు పంపమన్నాడు. మెక్‌కే పంపిన సీసాలన్నిట్లో ఫ్లోరైడు ఎక్కువే. అదే ఏడు అరిజోనాలో స్మిత్ దంపతులు కూడా ఎలుకల మీద ప్రయోగం చేసి ఇదే మాట చెప్పినారు.

చూడండి. ముప్పై ఏండ్లు ఒక డాక్టరు, వేలమంది పిల్లోళ్ల నోర్లు అడిగినా కదలని ప్రయోగశాల, ఒక కంపెనీ యాపారానికి ఇబ్బంది వస్తాదంటే కదిలింది. చర్చిల్‌ను తప్పు పట్టడం కాదు. ఆయన పని ఆయన నిజాయితీగా చేసినాడు. కానీ ప్రశ్న ఎవరి గుమ్మం ముందు నిలబడితే జవాబు తొందరగా వస్తాదో ఈ కథ చెప్తాది.

ఆ తర్వాత ప్రభుత్వం తరఫున ట్రెండ్లీ డీన్ అనే డాక్టరు ఊరూరా తిరిగి ఏ నీళ్లలో ఎంత ఫ్లోరైడు ఉంటే పండ్లు ఎట్లుంటాయో లెక్క కట్టినాడు. మరకను మెట్లుగా కొలిచే ఆయన పద్ధతి ఇప్పటికీ వాడతారు. లీటరుకు ఒక మిల్లీగ్రాము దగ్గర పుప్పి తగ్గుతాది, మరక పెద్దగా పడదు అని తేలింది. అంతే, ప్రశ్న తిరగబడింది. 1945లో గ్రాండ్ రాపిడ్స్ నగరం నీళ్లలోకి ఫ్లోరైడు కలపడం మొదలుపెట్టినారు. పేస్టుల్లోకి కూడా ఫ్లోరైడు వచ్చింది. మరక ఎట్ల ఆపాల అని ఒకాయన మొదలుపెట్టిన పని, పుప్పి ఎట్ల ఆపాల అనే పనిగా మారింది. వాళ్లకు పుప్పి పెద్ద బాధ కాబట్టి వాళ్లకది న్యాయమే. మెక్‌కే ఇదంతా చూసి 1959లో కన్నుమూసినాడు.

మనకేమైంది? మెక్‌కే బతికుండంగానే, 1937లో, మన తెలుగు నేల మీద ఇదే జబ్బు బయటపడింది. అప్పటి నెల్లూరు జిల్లాలో ఉండిన దర్శి, పొదిలి పక్క ఊర్లు. ఎద్దులు కుంటుతా ఉండాయని, సేద్యానికి రావడం లేదని ముందు కనుక్కున్నది రైతులే. తర్వాత మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి కల్నల్ షార్ట్, ఆయన తోటి డాక్టర్లు పరిశీలించి, ఇది మనుషుల్లో ఫ్లోరోసిస్ అని రాసినారు. అక్కడ మరక పండ్ల దగ్గర ఆగలే. వయసు ముదిరేసరికి నడుము, మెడ బిగుసుకుపోయినోళ్లను వాళ్లు చూసినారు. ఎండకు నీళ్లు ఎక్కువ తాగే నేల, కాయకష్టం, కాల్షియం తక్కువ తిండి. కొలరాడో లెక్క మనకు సరిపోదని ఆ పొద్దే తెలిసింది.

ఆ తర్వాత 1955లో నల్గొండ గురించి డాక్టర్లు రాసినారు. 1973లో హైదరాబాదు పోషకాహార సంస్థ పిల్లోళ్ల మోకాళ్లు లోపలికి వంగిపోవడం గురించి రాసింది. పటిక, సున్నంతో నీళ్లు శుద్ధి చేసే నల్గొండ పద్ధతి నాగపూర్ నీరి సంస్థ నుంచి వచ్చింది. మన జిల్లాలో 1990ల్లో సత్యసాయి తాగునీటి పథకం ఏడు వందలకు పైగా ఊర్లకు పైపులు వేసింది. ఇవన్నీ మంచి పనులే. కానీ పంటి మరక మాత్రం అందచందాల సంగతి కింద వెనక్కి పోయిందని నా అభిప్రాయం. అది అందం సంగతి కాదు. ఎముకలోకి పోయే విషానికి అందరికంటే ముందు కనపడే గంట అది. ఆరేండ్ల, పదేండ్ల పిల్లోడి నోట్లో ఆ గంట మోగుతాది.

మరి మన ప్రశ్నలు ఏంది? నాకు తోచినవి చెప్తా, మీరు మీ ఊరివి కలపండి. మన ఊర్లో ఏ బోరులో ఎంత ఫ్లోరైడు, ఎండాకాలంలో ఎంత, వానలు పడినాక ఎంత? ఒక్కో బోరు నీళ్లు తాగే పిల్లోళ్లలో ఎంతమందికి మరక? తాగేదానికి ఆర్వో క్యాను తెచ్చుకొని, సంగటి, పప్పు బోరు నీళ్లతోనే వండితే ఎంత లోపలికి పోతాది? మరకపడిన ఇరవై ఏండ్ల పిల్లకు ప్రభుత్వ ఆసుపత్రిలో తక్కువ ఖర్చుతో ఏ చికిత్స నిలబడతాది? ఇవి పెద్ద యంత్రాలు కావాల్సిన ప్రశ్నలు కావు. అడిగేటోళ్లు కావాల. బ్రిటన్‌లో జేమ్స్ లిండ్ అలయన్స్ అనే పద్ధతి 2004 నుంచి నడుస్తా ఉండాది. రోగులు, వాళ్ల ఇంటోళ్లు, డాక్టర్లు ఒకే బల్ల చుట్టూ కూర్చొని ముందు ఏది పరిశోధించాలో తేలుస్తారు. పండ్ల ఆరోగ్యానికి కూడా అట్ల చేసినారు. కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉండాది. ఆ బల్ల మన మండలంలో వేయమని యాల అడగగూడదు?

అడిగే లోపల చేయాల్సినవి కూడా ఉండాయి. మన దేశ ప్రమాణం ప్రకారం లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపల ఉండాల. వేరే దోవ లేకపోతే 1.5 వరకు. గ్రామ సచివాలయంలో మీ బోరు పరీక్ష చీటీ అడగండి, లేకపోతే పరీక్ష చేయించమని అర్జీ పెట్టండి. నీళ్లు కాస్తే ఫ్లోరైడు పోదు, ఆవిరైన కొద్దీ చిక్కబడతాది. వాన నీళ్లలో దాదాపు ఉండదు. ఎనిమిదేండ్ల లోపల పిల్లోళ్లకు తాగేదానికీ వండేదానికీ రెండింటికీ మంచి నీళ్లే వాడండి, ఆ వయసులోనే పన్ను పై పూత తయారవుతాది. చిన్నోళ్లకు పేస్టు గోరంత పెట్టి, మింగకుండా ఉమ్మించండి.

ఓక్లీ ఊరి తల్లిదండ్రులు డిగ్రీలు చదివినోళ్లు కాదు. దర్శి రైతులూ కాదు. పైపు వచ్చినాక పండ్లు మారినాయని, నీళ్లు తాగిన ఎద్దు కుంటిందని వాళ్లు చూసినారు, చెప్పినారు. మెక్‌కే గొప్పతనం ఆ మాట వినడంలో ఉండాది. మన ఊర్లో ఈ ఏడు పుట్టిన బిడ్డకు ముందు పండ్లు ఊడి కొత్తవి వచ్చేది ఆరేడేండ్లకు. ఆ పండ్లు ఇప్పుడే చిగురు లోపల తయారవుతా ఉండాయి.